ఎలవూరు లారీలు

మా ఇంట్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే ఎందుకు ఆలస్యమైందని అడగరు. "ఏం, ఎలవూరు కాడ లారీలు నిలిచిపోయినాయా?" అంటారు. ఈ మాట పుట్టించింది మా అమ్మ. ఫ్యాక్టరీ నుంచి నేను పొద్దుపోయి వచ్చినా, పాలాయన ఎండెక్కాక వచ్చినా, చివరికి కుక్కరు ఈల వెయ్యడం ఆలస్యమైనా సరే, ఎలవూరు లారీలే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నా భార్య, మా బంధువుల్లో ఎవరికో లారీల వ్యాపారం ఉందనుకుందట.

అసలు సంగతి ఇది. నా చెల్లెలికి చెవులు కుట్టించిన రోజున మా మేనమామ వేళకు రాలేదు. మాలో పిల్లలకు చెవులు కుట్టేది మేనమామ ఒడిలోనే. ఎవరి ఒడిలో పడితే వాళ్ల ఒడిలో కూర్చోబెడితే అది చెవులు కుట్టడం అవుతుంది గానీ వేడుక కాదు. ఆయన తడ దగ్గర, ఆంధ్రా వైపు ఊళ్లో సేద్యం చేసుకునేవాడు. మేనమామ తెచ్చే బట్టలు, పండ్లు, కమ్మలు, అన్నీ పళ్లేల్లో సర్దిన సారెను మా పక్క సీరు అంటారు. ఆ సీరు తీసుకుని పొద్దున్నే తిరుత్తణి కొండ కింద సత్రానికి రావలసిన మనిషి, భోజనాలయ్యాక వచ్చాడు. రాష్ట్రాల సరిహద్దులోని ఎలవూరు చెక్‌పోస్టు దగ్గర లారీలు నిలిచిపోయి బస్సు కదలలేదన్నాడు. అప్పటికే చెల్లెలి రెండు చెవులూ ఎవరో దూరపు బంధువు ఒడిలో కుట్టించేశారు. అమ్మ ఆ పళ్లేలను తాకలేదు. "రావాలనుకున్నోడు నడిచైనా వస్తాడు" అంది. ఆయన పళ్లేలన్నీ మళ్లీ మూట కట్టుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు. పెళ్లిళ్లలో కనిపిస్తే మేము ఆయనతో మాట్లాడతాం. అమ్మ పందిరికి అటు పక్కకు పోయి కూర్చుంటుంది.

ఇప్పుడు నా చెల్లెలికి కూతురు పుట్టింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, ఇక పుట్టరని అందరూ అనుకున్నాక పుట్టిన పిల్ల. పుట్టువెంట్రుకలు వాళ్ల ఇలవేల్పుకు ఇచ్చేశారు. చెవులు మాత్రం తిరుత్తణిలో కుట్టించాలని చెల్లెలి మొక్కు. విజయదశమి నాడు, పొద్దున పదిన్నర లోపల మంచి గడియ ఉందన్నారు. మేనమామను నేనే. నాన్న పోయాక పుట్టింటి తరఫున పెద్ద దిక్కూ నేనే. వారం రోజులుగా అమ్మ నన్ను పోరుతూనే ఉంది. "ముందుగా పోవల్ల రా. మా అన్న మాదిరి చేసినావంటే ఆ బిడ్డ మొహం నేనెట్ల చూసేది?"

"తిరువళ్లూరు నుంచి తిరుత్తణి ఎంత దూరమమ్మా, కారుండాది గదా" అన్నాను ధీమాగా.

ఆ కారు గురించి కూడా చెప్పాలి. శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీకి రోజూ పోయి రావడానికని కరెంటు కారు కొన్నాను. చెల్లెలి మొగుడు, అంటే మా బావ, దాన్ని చూసినప్పుడల్లా "ఇది కారా బావా, చక్రాలేసిన సెల్‌ఫోనా?" అంటాడు. నేనూ ఊరుకునే రకం కాదు. మీరు పెట్రోలు బంకులో పడిగాపులు పడేటప్పుడు నేను ఇంట్లో పడుకుని నిద్రలో నింపుకుంటానని చెప్పాను. వరసలో నిలబడడం నాకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. మంగలి షాపులో ఇద్దరు కూర్చుని ఉంటే గడ్డంతోనే వెనక్కి వచ్చేస్తాను. పెట్రోలు ఖర్చు కంటే బంకు వరస తప్పుతుందనే ఆ కారు కొన్నానంటే అబద్ధం కాదు.

దసరాకు ముందు రోజు ఆయుధ పూజ. అమ్మ కారుకు గంధం పూసి కుంకుమ పెట్టింది. ముందు రెండు అరటి పిలకలు కట్టించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి నా చేత తొక్కించింది. బూడిద గుమ్మడికాయతో దిష్టి తీయించింది. బొరుగులు, శనగలు వీధంతా పంచింది. కారులో ఛార్జి అడుగంటి ఉంది. పూజ అయ్యాక వాకిట్లో ఛార్జరు తగిలించి, వెలుగుతున్న పచ్చ దీపాన్ని చూసుకుని నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున్నే స్నానం చేసి, పంచె కట్టుకుని, సీరు పళ్లేలు వెనక సీట్లో సర్ది కారు తెరిస్తే ఛార్జి రాత్రి ఉన్నంతే ఉంది. పదో పదకొండో శాతం. వాకిట్లోకి పోయి చూశాను. ఛార్జరు ప్లగ్గుకు గంధం, కుంకుమ, ఒక చామంతి పువ్వు. పైన స్విచ్చి ఆపేసి ఉంది.

"అమ్మా, దీన్ని ఎవరు ఆపినారు?"

"నేనే" అంది అమ్మ, తులసికోట దగ్గర నుంచి. "ఆయుధ పూజ గదా. కత్తిపీట, కుట్టుమిషను, నీ లాప్‌టాప్ అన్నిటికీ బొట్టు పెట్టి పడుకోబెట్టినాను. ఇదేం పాపం చేసింది? దినామూ రాత్రంతా పని చేస్తానే ఉండాది. ఒక్క రాత్రన్నా నిద్రపోనీలే అని ఆపినాను."

"చక్రాలకు నిమ్మకాయ పెట్టినావు, నెత్తిన పూలు పెట్టినావు, దాని కడుపు మాత్రం మాడ్చినావే!" అని అరిచాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. మా ఇంట్లో పూజారి ఏకంగా స్విచ్చే ఆపేసింది.

అమ్మకు అప్పటికి గాని అర్థం కాలేదు. చేతిలోని చెంబు కింద పెట్టి, "అయితే పోలేమా?" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఇంకా అరవాలని ఉన్నా అరవలేకపోయాను. వారం నుంచి ఎవరిని చూపించి నన్ను భయపెట్టిందో, ఆ అన్న వరసలోకి తనే నన్ను తోసినట్టయింది.

టాక్సీలకు ఫోన్ చేశాం. పండగపూట ఒక్కడూ ఖాళీ లేడు. అమ్మ మోకాళ్లతో, ఇన్ని పళ్లేలతో, కాలు పెట్టే సందులేని బస్సు ఎక్కడం కుదరని పని. "మాటలకు ఛార్జి ఎక్కదు, పదండి" అంది నా భార్య. మా ఇంట్లో నిదానం ఆమె వాటాకే వచ్చింది.

ఊరు దాటాక తిరుత్తణి రోడ్డులో ఒక హోటలు ఆవరణలో ఫాస్ట్ ఛార్జింగ్ ఉంది. కారుకు తగిలించే గన్నులు రెండు. అందులో ఒకటి ఎప్పటి నుంచో పని చేయదు. ముందు రోజు ఎవరో దానికీ బొట్టు పెట్టి దండ వేశారు. పని చేసేదాని దగ్గర ఒక తెల్లకారు తగిలించి ఉంది. మనిషి లేడు. మద్రాసు నుంచి తిరుపతికి బయలుదేరిన కార్లు ఆవరణ నిండా ఉన్నాయి. పెట్రోలు బంకులో అయితే వరసకు ఒక తల, ఒక తోక ఉంటాయి. ఇక్కడ ఒకటి వేపచెట్టు నీడలో, ఒకటి హోటలు మెట్ల ముందు, ఒకటి బాత్రూముల పక్కన. ఎవరి వెనక ఎవరో దేవుడికే తెలియాలి. ఎవరిని అడిగినా "నెక్స్ట్ నేనే" అంటున్నారు.

నేను దిగి ఒక నల్ల కళ్లజోడు ఆయనతో తగువు పెట్టుకున్నాను. తను యాప్‌లో ముందే బుక్ చేశానంటాడు. యాప్‌లో చేస్తే యాప్‌లోనే నింపుకోండన్నాను. మాటామాటా పెరిగింది. అంతలో ఫోన్ మోగింది. నా భార్య కారులోనే స్పీకరు పెట్టి, రమ్మని నాకు సైగ చేసింది. పోయి సీట్లో కూర్చున్నాను.

"అన్నా, యాడుండావు?" చెల్లెలు.

"వస్తా ఉండామ్మా. ఛార్జింగ్ కాడ కొంచెం వరస ఉండాది."

"చెవులు కుట్టే ఆచారి వచ్చేసినాడన్నా. అత్తమ్మోళ్లు అప్పుడే అడగతా ఉండారు. చిన్నాయన కొడుకు బైకులో వచ్చినాడు, వాడూ మేనమామే గదా, వాని ఒడిలో పెట్టేస్తాం అంటా ఉండారు. నేను కుదరదన్నాను. నువ్వు రా."

వెనక నుంచి మా బావ గొంతు నవ్వుతూ వినిపించింది. "ఏం బావా, ఎలవూరు కాడ లారీలా?"

ఆయన తమాషాకే అన్నాడు. మా ఇంటి మాట పెళ్లితో పాటు వాళ్లింటికీ పోయింది మరి. కానీ వెనక సీట్లో పళ్లేల మధ్య ఇరుక్కుని కూర్చున్న అమ్మ ఆ మాట విన్నది. నేను అద్దంలో చూశాను. ఎవరో చెంప మీద కొట్టినట్టు అయింది ఆమె ముఖం. నాకు చాలా బాధనిపించింది. ఫోన్ పెట్టేశాను.

అమ్మ కాసేపటికి కారు దిగింది. సీరులో మనవరాలికని కొన్న కొత్త ఇత్తడి చెంబు తీసుకుని తిన్నగా ఛార్జింగ్ మిషను దగ్గరికి పోయి, దాని కింద గట్టు మీద పెట్టింది. పెట్టి, మా వీధి కొళాయి దగ్గర నిలబడినట్టే నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ట్యాంకరు నీళ్లు, వీధి కొళాయి, బిందెల వరస, వీటిలో అమ్మకున్న అనుభవం ఇంతా అంతా కాదు. మా చిన్నప్పుడు వీధి తగువులన్నీ ఆమె తీర్పుతోనే తెగేవి.

"కార్లు యాడన్నా పెట్టుకోండి. వచ్చిన వరసలో తలా ఒక సామాను తెచ్చి ఈడ పెట్టండి" అంది, సగం తెలుగు, సగం తమిళం కలిపి. ముందు అందరూ నవ్వారు. అంతలో ఒక కారులోంచి ముక్కుకు రెండు పక్కలా పుడకలున్న తమిళ పెద్దావిడ దిగి, ఏమీ అడగకుండా తన నీళ్ల బాటిలు తెచ్చి చెంబుకు ముందు పెట్టింది. "నేను నీకంటే ముందొచ్చానమ్మా" అంది తమిళంలో. అమ్మ తలూపి చెంబు వెనక్కి జరిపింది. ఆ తర్వాత ఒక మెడదిండు వచ్చింది. ఒక బొరుగుల సంచి, ఒక కొబ్బరికాయ, ఒక బొమ్మ ఏనుగు వచ్చాయి. కళ్లజోడు ఆయన కూడా చివరికి గొడుగు తెచ్చి పెట్టాడు. అంతసేపూ గొంతు చించుకుని నేను తేల్చలేని వరస, గట్టు మీద బుద్ధిగా నిలబడింది.

అయితే ఆ వరసలో మా చెంబు చాలా వెనక ఉంది. అలా అయితే మధ్యాహ్నమే. అమ్మ చెంబు వైపు చూసింది, నా వైపు చూసింది. తర్వాత పెద్దావిడ దగ్గరకు పోయి నెమ్మదిగా సంగతి చెప్పింది. తిరుత్తణి దాకా పోయేంత ఛార్జి చాలునని, మనవరాలి చెవులని, మేనమామ వీడేనని.

పెద్దావిడ ముక్కు మీద వేలు వేసుకుంది. "సొంబుక్కు ఎన్నమ్మా వరిసై!" అంది గట్టిగా, అందరికీ వినబడేలా. చెంబుకు వరసేమిటమ్మా అని.

కొళాయి దగ్గర నిలబడి నీళ్లు పట్టిన ఆడవాళ్లందరికీ తెలిసిన న్యాయం అది. బిందెకు వరస ఉంటుంది, చెంబుకు వరస ఉండదు. తాగడానికో, పిల్లవాడి కాళ్లు కడగడానికో చెంబుతో వచ్చినవాళ్లను, రెండు బిందెల మధ్య సందులో పట్టుకుని పోనిస్తారు. అమ్మ చెంబును గట్టు మొదటికి తెచ్చి పెట్టింది.

"అట్లయితే నేనూ చెంబే" అన్నాడు కళ్లజోడు ఆయన.

"ఎక్కడికి పోతావు?" అని పెద్దావిడ అడిగింది. తిరుపతి అన్నాడు. ఆ తర్వాత? కాళహస్తి. ఆ తర్వాత? తిరిగి మద్రాసు. "నువ్వు చెంబు కాదు నాయనా, ట్యాంకరువి" అంది. అతను కూడా నవ్వేశాడు. ఇంకొక కుటుంబం తిరుత్తణికే పోతూ ఉంటే వాళ్లనూ చెంబుల్లో కలిపి, మా వెనక నిలబెట్టారు. పెద్దావిడా అమ్మా గట్టుకు చెరోపక్క కాపలా కూర్చున్నారు.

ఇక మిగిలింది ఆ తెల్లకారు. తొంభై శాతం దాటి, చీమ నడకన ఎక్కుతోంది. యజమాని హోటల్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేసరికి ఇంతమంది ముసురుకుని ఉండడం చూసి, తన కారుకేదో అయిందని పరుగెత్తాడు. పెద్దావిడ పెట్టిన చీవాట్లకు మారు మాట్లాడకుండా గన్ను తీసి నా చేతికిచ్చాడు.

తగిలించాక అంకెలు కదలడం చూస్తుంటే ప్రాణం లేచి వచ్చింది. తిరుత్తణి పోవడానికి చాలినంత ఎక్కింది. "ఇంకొంచెం ఎక్కనీ అమ్మా, నిశ్చింతగా ఉంటుంది" అన్నాను.

"చెంబని చెప్పి బిందె పడితే రేపు కొళాయి కాడ మొహం ఎట్ల చూపించేది? తియ్యి" అంది అమ్మ. ఈ కొళాయి దగ్గరికి ఆమె జన్మలో మళ్లీ వస్తుందో రాదో గానీ, గన్ను తీసేదాకా కారు ఎక్కలేదు.

ఏసీ ఆపేసి, అద్దాలు దించి బయలుదేరాం. ముందు కట్టిన అరటి ఆకులు గాలికి చిరిగి టపటప కొట్టుకున్నాయి. నా భార్య చెల్లెలికి ఫోన్ చేస్తూనే ఉంది. ఎత్తడం లేదు. దారిలోనే పదిన్నర దాటింది. ఆ క్షణం నాకు బాగా గుర్తు. ఎవరూ గడియారం చూడలేదు, అందరికీ తెలిసింది. చెల్లెలు ఒంటరిగా ఎంతమందికని అడ్డం చెబుతుంది? చిన్నాయన కొడుకు మంచివాడే. వాడి ఒడిలో పెడితే ఆకాశం విరిగి పడదు. అయినా ఆ పిల్ల పుట్టినప్పుడు ఆసుపత్రిలో నా చేతుల్లో పెట్టి, "నీ ఒడికి ఇంకో బరువు వచ్చిందన్నా" అంది చెల్లెలు. అదే గుర్తొచ్చింది.

వెనక నుంచి అమ్మ హఠాత్తుగా, "అప్పుట్లో ఫోన్లు కూడా లేవు గదా" అంది.

అద్దంలో చూస్తే, ఒళ్లో పెట్టుకున్న చెంబును కొంగుతో తుడుస్తూ ఉంది.

తిరుత్తణిలో పోలీసులు కార్లన్నీ ఊరి బయటకు మళ్లిస్తున్నారు. స్టీరింగు నా భార్యకిచ్చి, అందిన సీరు పళ్లెం ఒకటి చంకలో పెట్టుకుని, పంచె ఎగగట్టి, గుండ్లు గీయించుకున్న భక్తుల మధ్య, మొక్కు కావళ్ల మధ్య సత్రానికి పరుగెత్తాను. గుమ్మంలోకి అడుగు పెట్టానో లేదో పిల్ల ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు ఆకలిది కాదు. అది నొప్పి ఏడుపు.

లోపల చాప మీద చిన్నాయన కొడుకు కూర్చుని ఉన్నాడు. వాడి ఒడిలో పిల్ల. ఆచారి తన సామాను ముందు పెట్టుకుని చెయ్యి తుడుచుకుంటున్నాడు. అయిపోయింది అనుకున్నాను. చేతిలో పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మా మేనమామ కూడా ఇదే సత్రంలో, ఇదే గుమ్మంలో, ఇలాగే పళ్లెంతో నిలబడి ఉంటాడు కదా అనిపించింది.

చెల్లెలు నన్ను చూసింది. వచ్చి నా చేతిలోని పళ్లెం అందుకుని కళ్లకద్దుకుంది.

"గడియ పోతా ఉండాది అన్నారన్నా. అందరితో కొట్లాడలేకపోయినాను. ఒక చెవి కుట్టేదానికి ఒప్పుకున్నాను. ఇంకోటి నీకని పెట్టినాను. సీక్రం కూచో" అంది.

పిల్ల ఎడమ చెవికి చిన్న బంగారు కమ్మ ఉంది. కుడి చెవి ఇంకా ఉత్తగానే ఉంది. గడియ దాటాక కుట్టకూడదని వాళ్ల అత్తగారు గొణుగుతూనే ఉంది. మా బావ మాత్రం "మొదటి చెవి గడియలోనే పడింది గదమ్మా, ఆ లెక్కలోకే ఇదీ వస్తుంది" అని నా వైపు చూసి కన్ను కొట్టాడు. చిన్నాయన కొడుకు బతుకు జీవుడా అని లేచాడు. వాడి చొక్కా అంతా పిల్ల పీకేసింది.

నేను చాప మీద కూర్చున్నాను. పిల్లకు ఇప్పుడు సంగతి తెలుసు. నా ఒడిలో పెట్టగానే వెనక్కి విరుచుకుపడి గీపెట్టింది. రెండు చేతులతో పట్టుకుని గుండెకు హత్తుకున్నాను. ఆచారి చెయ్యి కదలడం చూడకుండా కళ్లు మూసుకున్నాను. పిల్ల ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుంది, నా పంచె తడిసింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు ఆగలేదు.

తలెత్తితే స్తంభం పక్కన అమ్మ. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. చేతిలో ఆ ఇత్తడి చెంబు ఉంది.

భోజనాల్లో అమ్మ ఆకు ముందు కూర్చుంది గాని తినలేదు. పాయసం ఆకు మీద పారుతున్నా చేత్తో అడ్డం పెట్టలేదు. ఏమైందని అడిగాను.

"నీ చెల్లెలు నీకని ఒక చెవి పెట్టింది రా" అంది, ఆకు వైపే చూస్తూ. "నేను మా అన్నకు ఒక్క చెవన్నా పెట్టలేదే."

కొళాయి దగ్గర ప్రతి బిందె వరసా ఎరిగిన మనిషి. అన్న నిలబడిన ఒక్క వరసను మాత్రం ఇన్నేళ్లూ నమ్మలేదు. దాన్ని ఇంటిల్లిపాదికీ ఎగతాళి మాట చేసి పెట్టింది. మేమూ నవ్వుకుంటూ దాన్ని వాడుకుంటూ వచ్చాం.

చెయ్యి కడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. "నీ కాడ మామ నంబరు ఉండాదా?" అంది.

ఉంది. నొక్కి ఇచ్చాను. సత్రం వరండాలో ఒక మూల, గోడ వైపు తిరిగి ఫోన్ చెవికి పెట్టుకుంది. అటు నుంచి ముసలి గొంతు "ఎవరూ?" అని రెండుసార్లు అడగడం నాకు వినిపించింది. అమ్మ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అడిగింది.

"అన్నా, నేను. ఆ పొద్దు ఎలవూరు కాడ లారీలు యాడిదాకా నిలిచినాయి?"